కాన్సులేట్ వాళ్లొచ్చి మనవరాలిని తీసుకుపోతారా?

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అమెరికాలో పుట్టిన ఏడేళ్ల మనవరాలు వేసవి సెలవులకని వాళ్లమ్మతో విశాఖలో మీ గోపాలపట్నం వచ్చింది. అమ్మాయి ఉద్యోగం ఉందని టెక్సస్ వెళ్లిపోయింది, పిల్ల మీ దగ్గరే ఉండిపోయింది, ఇక్కడే రెండో తరగతిలో చేర్పించారు. ఈలోగా కూతురికీ అల్లుడికీ పొసగక విడాకుల దాకా వచ్చింది. ‘కాన్సులేట్ వాళ్లని పోలీసులతో పంపి పిల్లని తెప్పించుకుంటా’ అని అల్లుడు ఫోన్లో అంటున్నాడు. పిల్లని ఇండియాలోనే ఉంచేద్దామని మీ అమ్మాయి అంటోంది. పాస్‌పోర్టు గడువు ఇంకో నాలుగు నెలలే. కొన్నాళ్లు పిల్లని పార్వతీపురంలో మీ చెల్లెలుగారింట్లో ఉంచి, ఎవరడిగినా తెలీదనమని ఎవరో మీకు సలహా కూడా చెప్పారు.

ఆ సలహా చెప్పినాయన్ని ముందు గుమ్మం ఎక్కనివ్వకండి. ఇలాంటి కేసుల్లో అమ్మమ్మలూ తాతయ్యలూ ఓడిపోయింది పిల్లని దాచిపెట్టడం వల్లే. ప్రేమ చాలక ఓడిపోయినవాళ్లని నేను చూళ్లేదు.

నేను విశాఖలో ఇరవై ఏళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. మధ్యలో ఉత్తరాంధ్రలోనే ఒక జిల్లాలో మూడేళ్లు బాలల సంక్షేమ సమితిలో, అంటే మనందరం సీడబ్ల్యూసీ అనేదాంట్లో, సభ్యురాలిగా కూర్చున్నాను. రెండు వైపులా నిలబడి చూసినదాన్ని కనక కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కాన్సులేట్ వాళ్లు పిల్లని తీసుకుపోరు. వాళ్లకి ఆ అధికారమే లేదు. ఏ దేశపు కాన్సులేట్ అయినా మరో దేశంలో చుట్టంలాంటిది. ఏం చెయ్యొచ్చో, ఎక్కడ ఆగాలో 1963 నాటి వియన్నా ఒప్పందంలో రాసి ఉంది. తమ దేశపు మైనర్ల మేలు చూడటం కాన్సులేట్ పనుల్లో ఒకటని ఐదో అధికరణం చెబుతుంది, ఆ వాక్యంలోనే మెలిక కూడా పెడుతుంది: ఆ దేశపు చట్టాలు ఒప్పుకున్నంత మేరకే అని. మనకి సంబంధించిన అమెరికా కాన్సులేట్ హైదరాబాదులో నానక్‌రామ్‌గూడలో ఉంది. తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా మూడూ దాని పరిధిలోవే. అక్కడి అధికారికి మీరు రమ్మననిదే మీ గడప దాటే హక్కు లేదు. గోపాలపట్నం పోలీసులకి హుకుం జారీచేసే హక్కు లేదు. కోర్టులో మీ అల్లుడి తరఫున వాదించే పనీ వాళ్లది కాదు. లాయర్ల జాబితా ఇస్తారు, పాస్‌పోర్టు పని చూస్తారు, ఇక్కడి అధికారులకి ఉత్తరం రాస్తారు. కన్నవాళ్లలో ఒకరు ‘మా పిల్ల ఎలా ఉందో తెలీట్లేదు’ అని అడిగితే, పిల్ల ఎవరి దగ్గరుందో వాళ్ల ఒప్పుదల తీసుకుని ఒకసారి వచ్చి చూసి వెళ్తారు. మీ అల్లుడు పంపిస్తానంటున్నది బహుశా దీన్నే. వెల్ఫేర్ విజిట్ అంటారు.

అది ఎలా ఉంటుందో చెప్తాను. కొన్నేళ్ల కిందట సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. ఎనిమిదేళ్ల బాబు అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు, తండ్రి న్యూజెర్సీలో. ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి. ‘గుంటడ్ని అట్టుకెళిపోతారేటమ్మా?’ అని పొద్దున్నించి నన్ను నాలుగుసార్లు అడిగింది. పదకొండింటికి ఇద్దరొచ్చారు. ఒక అమెరికన్ అధికారిణి, ఆమెతో తెలుగు మాట్లాడే హైదరాబాదు ఉద్యోగి. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చారు. బాబు ఎక్కడ పడుకుంటాడో చూశారు, స్కూలు డైరీ తిరగేశారు, టీకాల కార్డు అడిగారు. బాబుకి ఆయాసం ఉంది. మందు పీల్చే ఇన్‌హేలర్ ఎక్కడుంటుందని అడిగితే వాడే స్టూలెక్కి ఫ్రిజ్ మీద నించి తీసి చూపించాడు. తర్వాత అమ్మమ్మ కనబడేంత దూరంలో బాల్కనీలో కూర్చుని వాడితో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆవిడ చేసిన బూరెలు చెరొకటి తిని వెళ్లిపోయారు.

ఒక్క తప్పు జరిగింది. ‘నాన్న కొడతాడని చెప్పు’ అని ముందురోజు రాత్రి అమ్మమ్మ వాడికి నూరిపోసింది. వాడు అధికారిణితో, ‘నాన్న కొడతాడని చెప్పమని అమ్మమ్మ చెప్పింది’ అన్నాడు. నాకు భూమి చీలితే బాగుణ్ణనిపించింది. ఆ మాట కూడా రిపోర్టులోకి ఎక్కింది. కాబట్టి మీ పిల్లకి ఏమీ నేర్పకండి. ‘హైదరాబాదు నించి ఆంటీ వస్తోంది, నువ్వెలా ఉన్నావో చూడ్డానికి’ అంటే చాలు.

అయినా ఆ రిపోర్టు వాళ్లకి మేలే చేసింది. కొడుకు బడికి వెళ్తున్నాడనీ, మందు వేళకి అందుతోందనీ మూడోవాళ్ల నోటితో విన్నాక తండ్రి గొంతు మారింది. అంతవరకూ నెలకొకసారి కేకలతో సాగిన ఫోన్లు పోయి, ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వీడియో కాల్ అని ఒక పద్ధతి ఏర్పడింది. అందుకే మీ దగ్గరికి వస్తామని ఫోనొస్తే సరేననండి. వద్దనే హక్కు మీకుంది. కానీ వద్దన్నారన్న ముక్క కూడా కాగితం మీదికెక్కి రేపు జడ్జిగారి ముందుకొస్తుంది.

ఇక పిల్ల ఏ దేశపు పౌరురాలన్న సంగతి. మీరు ‘మా ఎన్నారై మనవరాలు’ అని రాశారు. ఎన్నారై అంటే విదేశంలో ఉంటున్న భారత పౌరుడు. మీ మనవరాలు అమెరికా పౌరురాలు. ఓసీఐ కార్డు, అంటే భారత సంతతి విదేశీయులకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉంటే రెండు దేశాల పౌరసత్వం ఉన్నట్టని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో ద్వంద్వ పౌరసత్వం లేదు, ఓసీఐ ఉన్నవాళ్లు చట్టం దృష్టిలో విదేశీయులే. ఇది మాటల పట్టింపులా కనిపిస్తుంది గానీ, ఏ తలుపు తట్టాలో తేలేది ఇక్కడే.

నాకిది ఒక తప్పు చేశాక తెలిసింది. నేను కమిటీలో ఉన్న రోజుల్లో తొమ్మిదేళ్ల బాబుని మా ముందుకి తెచ్చారు. ఇంట్లో తాతగారొక్కరే, ఆయనకి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడ్డారు, పక్కింటివాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. తాతగారికి మాట పడిపోయింది. ఆయన ఫోన్ తెరవడానికి నంబరెవరికీ తెలీదు. ఫైలు మీద ఎవరో ‘ఎన్నారై బాబు’ అని రాశారు, నేనూ సంతకం పెట్టేశాను. ఆరు రోజులు బాబు ప్రభుత్వ బాలల హోంలో ఉన్నాడు. ఏడో రోజు వాడి బట్టల సంచీ నేనే విప్పి చూస్తే అడుగున, తువ్వాలు మడతలో, అమెరికా పాస్‌పోర్టు. కాన్సులేట్‌కి రాశాం. వాళ్ల దగ్గర దరఖాస్తులో తండ్రి నంబరుంది. మర్నాటికల్లా తండ్రి లైన్లోకొచ్చాడు. మొదటి రోజే సంచీ చూసి ఉంటే ఆ పిల్లాడికి ఆరు రాత్రుళ్లు తప్పేవి.

అప్పుడు మేం చెయ్యాల్సిన పని కూడా ఆ వియన్నా ఒప్పందంలోనే ఉంది, 37వ అధికరణంలో. అరెస్టయిన విదేశీయుడి గురించి చెప్పే 36వది అందరికీ తెలుసు. అక్కడ ఆ మనిషి అడిగితే కాన్సులేట్‌కి చెబుతారు. పిల్లల విషయంలో ఆ ‘అడిగితే’ లేదు. విదేశీ మైనర్‌కి సంరక్షకుణ్ని పెట్టాల్సిన పరిస్థితి ఉందనిపిస్తే ఆలస్యం లేకుండా ఆ దేశపు కాన్సులేట్‌కి తెలపాల్సిందే. పసివాడు తనంతట తాను అడగలేడు గదా. అయితే తెలపడం వల్ల ఇక్కడి చట్టం ఆగిపోదని కూడా ఆ అధికరణమే చెబుతుంది.

సీడబ్ల్యూసీ గురించి మీ భయం వేరు. అల్లుడు 1098కి ఫోన్ చేసి ‘మా పాపని బంధించారు’ అంటే ఏమవుతుందని కదా. జిల్లా బాలల పరిరక్షణ విభాగం నించి ఒకరు ఇంటికొస్తారు. పిల్ల ఆపదలో ఉందనిపిస్తే 24 గంటల్లోపు కమిటీ ముందుకి తేవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం కమిటీలో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులు, వాళ్లలో ఒక్కరైనా మహిళ. బెంచీకి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తవ్వాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో. బడికెళ్తూ, తాతా అమ్మమ్మల దగ్గర వేళకి అన్నం తింటున్న పిల్లని ఏ కమిటీ హోంలో పెట్టదు. పిల్ల తల్లికా తండ్రికా అన్నది తేల్చడం సీడబ్ల్యూసీ పని కాదు, అది కుటుంబ న్యాయస్థానం పని. ఈ తేడా తెలీక మొగుడూపెళ్లాల పంచాయితీ మోసుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లు ఎంతమందో.

ఒకటి మాత్రం జాగ్రత్త. కమిటీ ముందుకి విషయం వెళ్లాక పిల్ల పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ‘మా పాపని కాపాడండి’ అని వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు పెట్టే మేనమామలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మీ ఇంట్లో ఉంటే ఇవాళే ఆపండి.

మంత్రుల్లాంటి పెద్దవాళ్లు జోక్యం చేసుకుంటే కోర్టు పక్కకి తప్పుకుంటుందా అంటే, లేదు. నార్వే కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2011లో స్టావంగర్‌లో ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ శాఖ తీసుకుంది. ఢిల్లీలో గోలయ్యింది, మన ప్రభుత్వం దిగింది, 2012 ఏప్రిల్‌లో పిల్లల్ని బాబాయికి అప్పగించి ఇండియా పంపారు. చాలామందికి కథ ఇక్కడితో అయిపోయింది. తర్వాత బర్ధమాన్ జిల్లా సీడబ్ల్యూసీ, అంటే మన కలెక్టరేట్ల చుట్టుపక్కల గదుల్లో కూర్చునే ఇలాంటి కమిటీయే, తల్లి దగ్గరుండటం మేలంది. 2013 జనవరిలో కలకత్తా హైకోర్టు పిల్లల్ని తల్లికిచ్చింది. బెర్లిన్‌లో 2021 సెప్టెంబరులో ఏడు నెలల గుజరాతీ పాపని తీసుకున్న కేసులో మన విదేశాంగ మంత్రే జర్మనీ మంత్రితో మాట్లాడారు, 19 పార్టీల ఎంపీలు 59 మంది జర్మనీ రాయబారికి ఉత్తరం రాశారు. 2023 జూన్‌లో బెర్లిన్ కోర్టు పాప బాధ్యత అక్కడి సంక్షేమ శాఖకే అప్పగించింది. ఆ పిల్లలవి భారత పాస్‌పోర్టులు, అందుకే మన ఎంబసీలు మాట్లాడగలిగాయి. అదీ మాట్లాడటం వరకే. ఒక మంత్రి చెప్పినా కదలని చోట, మీ అల్లుడు కాన్సులేట్‌కి ఫోన్ చేస్తే విశాఖ కోర్టు కదులుతుందా?

గల్ఫ్ వాళ్ల సంగతి ఒక్క ముక్క, ఎందుకంటే మీ చెల్లెలుగారి ఊరి వైపు నించి నాకు వచ్చేవి ఎక్కువ అవే. అక్కడ పుట్టిన పిల్ల కన్నవాళ్ల ద్వారా భారత పౌరురాలు కావాలంటే ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయించాలి; గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. జనన ధ్రువపత్రం లేకుండా తల్లి చేతిలో అవుట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇంటికి రావడానికిచ్చే తాత్కాలిక కాగితం, ఒకటే పట్టుకుని దిగితే బిడ్డకి కాగితం పుట్టించడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ఆలోచన. పిల్లని ఇక్కడే ఉంచేద్దామనడం. ఇది మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. విదేశాల నించి తెచ్చేసిన పిల్లల్ని తిరిగి పంపడానికి 1980 నాటి హేగ్ ఒప్పందం ఒకటుంది, అందులో ఇండియా చేరలేదు. ‘ఇండియా సంతకం పెట్టలేదు కాబట్టి ఏమీ చెయ్యలేరు’ అని మన వాళ్లలో ఒక ధైర్యం. సగమే నిజం. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, టెక్సస్‌తో సహా, ఒకటే పద్ధతి: కేసు వేసేముందు పిల్ల వరసగా ఆర్నెల్లు ఎక్కడుందో అదే పిల్ల సొంత రాష్ట్రం. సెలవులకి ఊరెళ్లడం లెక్కలోకి రాదు. పిల్ల వచ్చేసినా, కన్నవాళ్లలో ఒకరు అక్కడే ఉంటే మరో ఆర్నెల్ల దాకా ఆ కోర్టుకే అధికారం. పైగా రెండో వాళ్ల హక్కుకి అడ్డుపడాలని 16 ఏళ్లలోపు బిడ్డని దేశం బయట అట్టిపెట్టడం 1993 నించి అక్కడ ఫెడరల్ నేరం, మూడేళ్ల దాకా శిక్ష. మాస్టారూ, పిల్ల గోపాలపట్నంలో ఉంది, మీ అమ్మాయి టెక్సస్‌లో ఉంది. కోర్టుకి కోపమొస్తే అందేది ఎవరో మీరే చూడండి.

ఇక్కడి కోర్టులు కూడా ఒకవైపే వాలవు. 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, విదేశీ కోర్టు ఉత్తర్వుని ఒక అంశంగా చూడాలి గానీ పిల్ల క్షేమమే అన్నిటికన్నా ముందని చెప్పింది. ఆ తీర్పు చదివి ‘ఇంక మనదే’ అనుకున్నవాళ్లున్నారు. 2019లో ఒక తెలుగు ఎన్నారై కుటుంబం కేసులోనే, అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లల్ని తిరిగి అక్కడికే పంపమని అదే కోర్టు చెప్పింది. మీ అల్లుడు వేస్తే ఇక్కడ కుటుంబ న్యాయస్థానంలో 1890 నాటి సంరక్షకుల చట్టం కింద వేస్తాడు, లేదా అమరావతిలో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పిల్లని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్, వేస్తాడు. రెండోది వేగంగా నడుస్తుంది. అందులో జడ్జిగారు అడిగే మొదటి మాట, పిల్ల ఎక్కడుంది అని. పార్వతీపురంలో దాచిన పిల్లకి ఆ ప్రశ్న ఎదురైతే ఏ లాయరూ మిమ్మల్ని కాపాడలేడు. కాబట్టి ఏం చేసినా మీ అమ్మాయి అక్కడ లాయర్ని పెట్టుకుని, అక్కడి కోర్టులోనే ముందు అడగాలి.

పాస్‌పోర్టు దగ్గర మీరు తొందరపడకండి, ఆలస్యమూ చెయ్యకండి. పదహారేళ్లలోపు పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే, ప్రతిసారీ కొత్త దరఖాస్తే. పిల్ల స్వయంగా రావాలి, తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. రాలేనివాళ్లు డీఎస్-3053 అనే ఫారం నోటరీ చేయించి పంపుతారు. మీరు తీసుకెళ్లాలంటే ఇద్దరి నించీ నోటరీ కాగితం కావాలి. తండ్రి ఒప్పుకోకపోతే కోర్టు ఉత్తర్వు తేవాలి. ఎవరికీ చెప్పకుండా గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లి పని చక్కబెట్టుకొద్దామని అనుకోవద్దు. అమెరికాలో కన్నవాళ్లు పిల్లల పేరు ఒక హెచ్చరిక జాబితాలో పెట్టించుకోవచ్చు. దరఖాస్తు పడగానే వాళ్లకి కబురు వెళ్తుంది. అల్లుడు ఇప్పటికే పెట్టించి ఉంటాడనే అనుకుని నడవండి. పాస్‌పోర్టు పునరుద్ధరణకి సంతకం అడగడం నిజానికి రాజీ మాటలు మొదలుపెట్టడానికి మంచి సాకు. పిల్ల పాస్‌పోర్టు చెల్లకపోతే ఆయన దగ్గరికి కూడా రాలేదు గదా.

మీ చేతిలో ఉండాల్సిన కాగితం ఇంకోటి ఉంది. పిల్ల ఏ మెట్ల మీదో పడి చెయ్యి విరిగితే, మత్తిచ్చే ముందు ఆసుపత్రిలో సంతకం ఎవరిదని అడుగుతారు. వైద్యం, బడి విషయాల్లో మీకు అధికారమిస్తూ మీ అమ్మాయి ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడ నోటరీ చేయించి, రాష్ట్ర కార్యాలయంలో అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేసే ముద్ర, వేయించి పంపాలి. ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టించండి. ఈ మూడు నెలల సంగతి చాలామంది మర్చిపోయి, అవసరం పడ్డ రోజున చెల్లని కాగితం పట్టుకుని నిలబడతారు. అల్లుడి చేత కూడా ఒక ఈమెయిల్లో సరేననిపించుకోగలిగితే మరీ మంచిది.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. బడికి వెళ్లిన రోజులు, డాక్టరు దగ్గరికి వెళ్లినవి, నాన్నతో మాట్లాడినవి తేదీలతో రాయండి. బడి మాస్టారుగా రిజిస్టరు రాయడం మీకు కొత్త కాదు. అల్లుడి మీద ఎంత మంటగా ఉన్నా పిల్లకి ఫోన్ ఇవ్వండి, మీరు పక్క గదిలోకి వెళ్లిపోండి.

రెండు సంగతులు మీరు రాయలేదు. పిల్ల ఓసీఐ మీద ఉందా, వీసా మీద ఉందా? వీసా అయితే గడువు దాటకముందే విదేశీయుల నమోదు కార్యాలయం వాళ్ల ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్లో పొడిగింపు చూసుకోవాలి, దాటితే తిరిగి వెళ్లేటప్పుడు ఎగ్జిట్ పర్మిట్ దగ్గర ఆగిపోతారు. రెండోది, టెక్సస్‌లో కేసు పడిందా, పడితే మీ అమ్మాయికి కాగితాలు అందాయా? ఈ రెండూ తెలిపితే తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.